నా యాప్‌ను ఎవరు ముట్టుకున్నారు?

ఆ రోజులు అని నిట్టూర్చేంత పాతవేమీ కావు అవి. పట్టుమని ఏడేళ్లు కూడా కాలేదు. అయినా అప్పటి నన్ను ఇప్పుడు తలుచుకుంటే అది వేరే ఎవరో పిల్ల అనిపిస్తుంది. పాల ప్యాకెట్టు కొంటే నాలుగు మూలలూ నొక్కి చూసేదాన్ని. బస్సులో పక్క సీటావిడ ఊరికే నవ్వితే, నా బ్యాగు జిప్పు వేసి ఉందో లేదో తడుముకునేదాన్ని. ఎవరైనా "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగితే ఊరి పేరు మింగేసి జిల్లా పేరు చెప్పేదాన్ని. కొత్త ఉద్యోగం, కొత్త చోటు, ఇంటికి దూరంగా మొదటిసారి ఒంటరిగా ఉండటం, ఇవన్నీ అందుకు సగం కారణం. మిగతా సగం కారణం నా ఫోనులో ఉండేది.

కొడకండ్లలో పుట్టి పెరిగిన నాకు, వ్యవసాయ డిప్లొమా అయిపోగానే గంగారం మండలంలో వ్యవసాయ విస్తరణ అధికారిగా ఉద్యోగం వచ్చింది. (పేరు పెద్దది. పని మాత్రం చేను చేనుకూ తిరిగి ఎవరు ఏ పంట వేశారో రాసుకోవడం, ఆకు ముడుచుకుంటే ఏ మందు కొట్టాలో చెప్పడం.) గంగారంలో ఉండటానికి గది దొరకలేదు. అందుకని మహబూబాబాద్‌లో, అంటే మేమంతా మానుకోట అని పిలిచే ఊళ్లో, బస్‌స్టాండుకు దగ్గరగా ఒక అర్ర అద్దెకు తీసుకున్నాను. పొద్దున పోవడానికి రెండు గంటలు, సాయంత్రం రావడానికి రెండు గంటలు బస్సులోనే గడిచేవి. గూడూరు దాటితే అడవి మొదలయ్యేది, సిగ్నల్ పోయేది. అప్పుడు నాకు తోడు పాడ్‌కాస్టులు. రేడియో లాంటివే, కాకపోతే కావలసిన కార్యక్రమాన్ని ముందే ఫోనులోకి దింపుకుని, సిగ్నల్ లేని చోట కూడా వినొచ్చు.

వాటికోసం నా దగ్గర ఒక నీలం రంగు యాప్ ఉండేది. తెరిస్తే నా జాబితా కనిపించేది, అంతే. ఏది ముందు, ఏది వెనక అని వేలితో పైకీ కిందికీ జరుపుకునేదాన్ని. జాబితాలో మొట్టమొదట పత్తిలో గులాబీ పురుగు నివారణ గురించి ఒక కార్యక్రమం ఉండేది. (మా పెద్దసారు ఎప్పుడైనా ఫోనులోకి తొంగి చూస్తే అదే కనిపించాలని. దాన్ని నేను రెండు నిమిషాలకు మించి ఎప్పుడూ వినలేదు.) దాని కింద ఉన్నవన్నీ హత్యలు. ముఖ్యంగా ఒక సీరియల్. ఒక చిన్న ఊళ్లో డాక్టరు భార్య చనిపోతుంది. డాక్టరు మీద అనుమానం, డాక్టరు తమ్ముడి మీద అనుమానం, ఆసుపత్రిలో పనిచేసే కాంపౌండర్ మీద అనుమానం. వారానికొక కొత్త భాగం, మధ్యలో పాతవే మళ్లీ మళ్లీ. ఇరవై భాగాలు దాటినా ఎవరు చంపారో తేలడం లేదు.

ఆ కథలు విని విని నా బుర్ర ఎలా తయారైందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒకరోజు తండాకు వెళితే, ఒక రైతు చేను గట్టున లోతుగా గొయ్యి తవ్వుతున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. నేను పది అడుగుల దూరంలోనే ఆగిపోయి, "ఎవరి కోసం?" అని అడిగాను. ఆయన గడ్డపార ఆపి నన్ను ఎగాదిగా చూసి, "బోరు పైపు కోసం మేడం," అన్నాడు. అప్పుడు కూడా నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. వచ్చేటప్పుడు పైపు ఉందో లేదో చూసే వచ్చాను.

ఇక మా ఇంటి ఓనరు. ఆమెను అందరూ ఖాలా (ఉర్దూలో పిన్ని) అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. భర్త పోయాక జాకెట్లు కుడుతూ ఇల్లు నడుపుకొచ్చిన మనిషి. ఉన్న ఒక్క కొడుకు భూపాలపల్లిలో కాంట్రాక్టు పనిలో ఉండేవాడు. ఆమె మిషన్ సరిగ్గా నా అర్ర గోడకు అవతలి పక్కన ఉండేది. సాయంత్రం నేను వచ్చి, అన్నం పొయ్యి మీద పెట్టి, ఫోనును స్టీలు గిన్నెలో నిలబెట్టి (అలా పెడితే చప్పుడు పెద్దగా వస్తుంది) సీరియల్ పెట్టేదాన్ని. పెట్టిన నిమిషంలో గోడ అవతల మిషన్ ఆగిపోయేది. కథ అయిపోగానే టకటకటక మొదలయ్యేది. మొదటివారం గమనించలేదు. రెండోవారం గమనించాను. మూడోవారానికి, ఈమె నా మీద ఎందుకో నిఘా పెట్టింది అని ఖాయం చేసుకున్నాను. నేను ఫోనులో ఎవరితో మాట్లాడుతున్నానో వింటోందన్నమాట.

ఇంతలో నా అర్రలో స్విచ్ బోర్డు పాడైంది. ప్లగ్గు పెడితే నిప్పురవ్వలు. "కరెంటాయన వచ్చేదాకా నా దగ్గర చార్జింగ్ పెట్టు బేటీ. అద్దం పక్కన ప్లగ్గుంది," అంది ఖాలా. నాకు ఇష్టం లేదు, కానీ గత్యంతరమూ లేదు. ఆమె ఇంట్లో వైఫై కూడా ఉండేది, వీడియోలో మాట్లాడటానికి కొడుకు పెట్టించి పోయాడు. నా ఫోనుకు కూడా ఆమె అంతకు ముందే కలిపి ఇచ్చింది. అలా నా ఫోను రోజూ సాయంత్రం నుంచి పొద్దున దాకా ఖాలా అద్దం పక్కన ఉండటం మొదలైంది.

మూడో రోజు పొద్దున బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్లు చెవుల్లో దోపుకుని ఫోను తెరిచాను. నీలం యాప్ లేదు. దాని చోట నారింజ రంగు బొమ్మ ఒకటి పళ్లికిలిస్తోంది. నొక్కితే నా జాబితా లేదు. దింపుకున్న భాగాలు ఒక్కటీ లేవు. ఎక్కడ చూసినా మైకు ముందు కూర్చుని చేతులు తిప్పుతున్న మొహాలు. ఒక బట్టతల ఆయన నేను నొక్కకుండానే ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆపుదామంటే ఆపే బొత్తం కనపడలేదు. కిందికి జరిపితే ఉర్దూ గజళ్లు. ఇంకా కిందికి జరిపితే 'మీకు నచ్చుతాయి' అనే శీర్షిక కింద మొట్టమొదటిది: 'అద్దెకున్నవారిని ఖాళీ చేయించడం: ఇంటి యజమానుల హక్కులు'.

ఇయర్‌ఫోన్లు పీకేశాను. గూడూరు దాటింది, సిగ్నల్ పోయింది. మిగిలిన దారంతా నేను విన్నది నా బుర్రలోని పోలీసు గొంతు ఒక్కటే. గజళ్లు ఎవరు వింటారు? ఖాలా. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించాలని ఎవరికి ఉంటుంది? ఖాలాకు. ఫోను ఎవరింట్లో ఉంది? ఖాలా ఇంట్లో. నేను పెట్టగానే మిషన్ ఎందుకు ఆగుతోంది? ఇక చెప్పేదేముంది, గంగారం వచ్చేసరికి కేసు తేలిపోయింది. రుజువు ఒక్కటే తక్కువ.

రుజువు కోసం నేను చేసిన పని చెప్పుకోవాలంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి. ఆ సాయంత్రం చార్జింగ్ పెట్టే ముందు, ఫోను తెర మీద కొంచెం బియ్యప్పిండి చల్లాను. వేలు పడితే ముద్ర పడుతుందని. (సీరియల్‌లో పోలీసాయన ఏదో తెల్ల పొడి వాడాడు. నా దగ్గర ఉన్న తెల్ల పొడి అదే.) పొద్దున పోయి చూస్తే పిండి అన్నదే లేదు. ఫోను తళతళ మెరిసిపోతోంది.

ఖాలా కింద చాప మీద కూర్చుని జాకెట్ గుడ్డ కత్తిరిస్తోంది. నేను తలుపు దగ్గరే నిలబడి అడిగాను.

"ఖాలా, నా ఫోను మీరు ముట్టుకున్నరా?"

"ముట్టుకున్న బేటీ. పిండి అంటుకొని ఉండె. వంట చేసుకుంట పట్టుకున్నవేమో అని గుడ్డతోని తుడిచిన."

"తుడిచి ఊకున్నరా, తెరిచి చూసిన్రా?"

"తెరిచి నేనేం జూస్త? నాకు తెలుగు సదువ రాదు. ఉర్దూ ఒక్కటే వస్తది."

ఉర్దూ! నాకు గజళ్లు గుర్తొచ్చాయి. ఇక ఆగలేకపోయాను. "నన్ను ఎల్లగొట్టాలనుకుంటే మొఖం మీద చెప్పున్రి ఖాలా. గిట్ల నా ఫోన్ల ఎతుకుడెందుకు? నేను మాట్లాడేవన్నీ గోడకు చెవి పెట్టి ఇనుడెందుకు?"

ఆమె చేతిలో కత్తెర ఆగింది. నేను కోపం వస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. అరిస్తే తిరిగి అరవడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఆమె మెల్లగా గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టింది. "పదేండ్ల సంది ఇద్దరు టీచరమ్మలు, ఒక నర్సమ్మ ఉండిపోయిన్రు గీ అర్రల. ఒక్కలు కూడ నన్ను గింత మాట అనలే," అంది. చాప మీది దారప్పోగులు ఏరుతూ, "నా మీద భరోసా లేకుంటే నువ్వెట్ల నిద్రపోతవు బేటీ గీ ఇంట్ల? ఈ నెల అయినంక ఇంకో అర్ర సూస్కో," అంది.

బస్సెక్కాక నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? సిగ్గు కాదు. 'చూశావా, ఖాళీ చేయించింది, నేను ముందే కనిపెట్టాను' అని. అంత తెలివైనదాన్ని నేను.

ఆ తర్వాత రెండు సాయంత్రాలు గోడ అవతల మిషన్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఫోను ఆఫీసులోనే చార్జింగ్ పెట్టుకుని వస్తున్నాను. గిన్నెలో పెట్టలేదు, పెట్టినా అందులో వినడానికేమీ లేదు. నారింజ యాప్‌లో మా సీరియల్‌ను వెతికి పట్టుకున్నాను గాని, ఫోనులోకి దింపుకోవాలంటే నెలనెలా చందా కట్టాలట. ఒక భాగం అవగానే అది తనంతట తానే ఆ బట్టతల ఆయనను పట్టుకొచ్చేది. కొడకండ్ల నుంచి మా బాపు ఫోను చేసి, "అర్ర మంచిగుందా బిడ్డా? ఇంటోళ్లు మంచోళ్లేనా?" అని అడిగితే, "మంచిగుంది," అని చెప్పి ఫోను పెట్టేసి, గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. టకటకటక. టకటకటక. అన్నం మాడిన వాసన వచ్చేదాకా.

మూడో రోజు బస్సులో నా పక్కన లెక్కల మేడం కూర్చుంది. కొత్తగూడ బడిలో పనిచేసేది, రోజూ అదే బస్సు. ముఖం చూస్తే బాగా ఏడ్చినట్టుంది. ఆమె ఫోను తీసింది. నారింజ రంగు బొమ్మ!

"ఏంది మేడం, మీ యాప్ కూడ మారిందా?" అన్నాను.

"మారుడేంది? మార్చిండు," అంది ఆమె పళ్లు కొరుకుతూ. "మా ఆయన. నేను లేనప్పుడు ఫోన్ తీస్కొని అంత ఆగమాగం జేసిండు. నా లిస్టు మొత్తం పోయింది. పైంగ ఏం ఎతికిండో చూడు." అని ఫోను నా ముఖం ముందు పెట్టింది. 'మీకు నచ్చుతాయి' కింద మొట్టమొదటిది: 'రెండో పెళ్లికి ముందు తెలుసుకోవలసిన విషయాలు'. "మూడు రోజులాయె, ఆయనతోని మాట్లాడుతలేను. బువ్వ వండి పెడుతున్న, మాట మాత్రం లేదు."

నా ఫోను తీసి కిందికి జరిపాను. ఖాళీ చేయించడం, దాని కింద గజళ్లు, వాటి కింద మోకాళ్ల నొప్పులు, ఆ కింద ఉంది: రెండో పెళ్లి. (నాకు మొదటిదే కాలేదు.) ఆమె ఫోను అడిగి తీసుకుని అలాగే కిందికి జరిపాను. మోకాళ్లు ఉన్నాయి, గజళ్లు ఉన్నాయి, వాటి వెనకే 'అద్దెకున్నవారిని ఖాళీ చేయించడం' కూడా ఉంది.

"మీకు సొంతిల్లు ఉన్నదా మేడం?"

"ఏడిది? మేమే కిరాయికుంటున్నం."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా వెనక నిలబడి ఇదంతా వింటున్న కండక్టరమ్మ టికెట్లు కొట్టడం ఆపి, "యాప్ వాళ్లు అప్‌డేట్ చేసిన్రమ్మా, గదేం తెల్వదా? చార్జింగ్ పెట్టి, వైఫై ఉంటే దానంతటదే అయితది. మా టికెట్ మిషన్ కూడ మొన్న గట్లనే మారింది. మరి నేనెవరితోని మాట్లాడుడు బంద్ చెయ్యాలె?" అంది. ముందు సీట్ల వాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. లెక్కల మేడం కొంగుతో ముఖం తుడుచుకుని, సిగ్నల్ పోకముందే భర్తకు ఫోను కలిపింది. "ఆ, నేనే. ఏం కూర తిన్నవ్?" అంది. అంతే, వాళ్ల సంసారం చక్కబడింది.

నాది అంత సులువు కాదు. ఆ రోజే దిగి, తిన్నగా పోయి ఖాలా కాళ్ల మీద పడాల్సింది. పడలేదు. క్షమాపణ చెప్పడం కంటే కొత్త యాప్ వెతుక్కోవడం తేలికనిపించింది. ఆఫీసు వెనక నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే రెండు గీతల సిగ్నల్ దొరికేది. అక్కడ నిలబడి ఒకదాని తర్వాత ఒకటి దింపుకోవడం మొదలుపెట్టాను. మొదటిది నా ఫోనులో ఉన్న పేర్లన్నీ చూస్తానంది, ఎక్కడున్నానో చెప్పమంది, కెమెరా తెరవమంది. కథ వినడానికి నా ముఖంతో దానికేం పని? తీసేశాను. రెండోది పుట్టినతేదీ అడిగింది. అబద్ధం తేదీ ఇచ్చాను. మర్నాడు నేను చేలో రైతుకు మందు గురించి చెబుతుండగా, పైకి గట్టిగా ఆడగొంతుతో "మీ కోసం ఎదురు చూస్తున్నాను" అంది. రైతు తల దించుకుని పక్క సాలులోకి నడిచాడు. అదీ తీసేశాను. మూడోది బాగానే ఉంది, రంగు కూడా నీలమే. అందులో ఆ వారమే వచ్చిన సీరియల్ చివరి భాగం దొరికింది. బస్సులో ఊపిరి బిగబట్టి వింటున్నాను. పోలీసాయన అందరినీ కూర్చోబెట్టాడు. "ఈ హత్య చేసింది..." అన్నాడు. "మీ ఇంటికి చల్లదనం, ఈరోజే కొనండి!" అని ఒక కూలర్ ప్రకటన అరిచింది. ప్రకటన అయ్యాక కథ ఆగి, మిగతాది వినాలంటే ఖాతా తెరవమంది. ఇది కావాలనే చేశారు, ఆ చోటు చూసి మరీ పెట్టారు అని నాకిప్పటికీ అనుమానమే.

ఆ సాయంత్రం తండా రైతు ఇచ్చిన మక్క కంకులు నాలుగు సంచిలో ఉన్నాయి. వాటిని పట్టుకుని ఖాలా తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె మిషన్ తొక్కుతూనే ఉంది.

"ఖాలా, తప్పయింది," అన్నాను. మిషన్ ఆగలేదు. చప్పుడు మీదుగానే చెప్పాను, యాప్ సంగతి, లెక్కల మేడం సంగతి, రెండో పెళ్లి సంగతి, చివరికి పిండి సంగతి కూడా. పిండి దగ్గరకు వచ్చేసరికి చూపు మక్క కంకుల మీదికి దించాను. "మీరు దొరకాలనే చల్లిన ఖాలా," అన్నాను.

మిషన్ ఆగింది. "గా మేడం, పెనిమిటితోని మాట్లాడుతున్నదా ఇప్పుడు?" అని అడిగింది, నా వైపు తిరగకుండానే.

"మాట్లాడుతున్నది."

"మంచిది." దారం కొస కొరికింది. తర్వాత ఇటు తిరిగి, మక్క కంకుల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "సరే గని, గా డాక్టర్ పెండ్లాన్ని ఎవరు సంపిండ్రు?" అంది.

"డాక్టర్ కత మీకెట్ల తెలుసు ఖాలా?" అన్నాను.

"గోడ నుంచి రోజు ఇనుడే గదా. నువ్వు పెట్టంగనే మిషన్ బంద్ చేస్తుంటి. చప్పుడుల సరిగ వినపడది. వారం సంది నువ్వు పెడ్తలేవు, నాకు నిద్ర పడ్తలేదు. ఒక్కటే సమజ్ కాలే బేటీ, ఊకె గా కాంపౌండు గోడ మీద అందరికి ఎందుకు అనుమానం?"

గోడ కాదు ఖాలా, కాంపౌండర్ అని చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తే మాట సరిగ్గా రాదు. ఆమెకు కూడా నవ్వొచ్చింది కాబోలు, కొంగు అడ్డం పెట్టుకుంది. యాప్‌ల గొడవంతా విన్నాక, దిండు కింద నుంచి తన ఫోను తీసి నాకిచ్చింది. "మా పోరడు భూపాలపల్లి నుంచి వచ్చినప్పుడు పెట్టి పోయిండు. మౌల్వీసాబుల బయానులు ఇంట దీంట్ల. రెండేండ్లాయె, మారింది లేదు సచ్చింది లేదు."

తెరిచి చూశాను. బూడిద రంగు తెర, ఒక జాబితా, ఆడించే బొత్తం, ఆపే బొత్తం. కార్యక్రమం చిరునామా ఇస్తే చాలు, అదే పోయి తెచ్చుకుంటుంది. పేరు అడగదు, తేదీ అడగదు, ప్రకటనలు లేవు, చందా లేదు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.

"పైసలు తీస్కోరు, పేరు కూడ అడగరు. మరి వాళ్లకేం లాభం ఖాలా? ఏదో ఉంటది దీంట్ల."

"అరె! అడిగితే అనుమానం, అడగకపోయినా అనుమానమేనా నీకు?" అని ఖాలా తల కొట్టుకుంది. "ఎవరో ఇష్టంతోని చేసిన్రట, నచ్చినోళ్లు నచ్చినన్ని పైసలు పంపుతరట. నేను ఎవ్వరికి ఊకెనే జాకెట్ కుట్టియ్యలేదా నా జిందగీల?"

అదే యాప్ నా ఫోనులోకి దింపుకుని, సీరియల్ చిరునామా ఇచ్చాను. మక్క కంకులు కాలుస్తూ, మొదటి భాగం నుంచి మళ్లీ విన్నాం, రోజుకు రెండేసి. ఈసారి గోడకు ఒకే పక్కన కూర్చుని. చివరి భాగంలో పోలీసాయన పేరు చెప్పాడు. చంపింది కాంపౌండరే. "నేను మొదటి సంది అంటనే ఉన్న గదా, గోడ మీదనే అనుమానం పడాలె అని!" అంది ఖాలా. నెలాఖరు వచ్చింది, పోయింది. వేరే అర్ర మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మరో మూడేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాను.

ఇప్పుడు నేను జనగామలో పనిచేస్తున్నాను. ఫోనులో ఏ యాప్ ఏం అడిగినా, చదవకుండానే 'సరే' నొక్కేస్తున్నాను. అంత ఓపిక లేదు. మొన్న ఎవరిదో పెళ్లికి జనగామ వచ్చిన ఖాలా మా ఇంట్లో ఒక పూట ఆగింది. ఆమె ఫోనులో చార్జింగ్ అయిపోతే, నాది తీసి చేతిలో పెట్టాను. "మీకు ఏది కావాలంటే అది ఇనున్రి ఖాలా. అన్నీ చూసుకోవచ్చు," అని గొప్పగా చెప్పి, చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. నిజంగానే నాకు ఏ అనుమానమూ లేదు. పాలు పొంగేలోపు తలుపు సందులోంచి ఒక్కసారి తొంగి చూశాను, అంతే. ఖాలా ఫోను ఒళ్లో పెట్టుకుని, అప్పటికే తలుపు వైపే చూస్తూ నవ్వుతోంది.